లీడర్ మింగని మాత్ర

నర్సింగ్ చదువుకుంటున్న పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. మీ సర్వీసులో మరిచిపోలేని కేసు ఒకటి చెప్పండి మేడమ్ అంటారు. ఏ రైలు ప్రమాదమో, పాము కాటో చెబుతానని వాళ్ళ ఆశ. నేను ప్రోస్టేట్ ఆపరేషన్ సంగతి ఎత్తగానే ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వు ఆపుకుంటారు. నవ్వుకోండి తల్లీ, తప్పులేదు. ఎప్పుడో ఒకప్పుడు మీకూ మగవాళ్ళ సర్జికల్ వార్డులో డ్యూటీ పడుతుంది. ఆరోజు ఈ సంగతి గుర్తుకొస్తే చాలు.

రాష్ట్రం ఇంకా ఒకటిగానే ఉన్న రోజులవి. గుంటూరు వైపు నుంచి వచ్చి సికింద్రాబాదులో ఒక చిన్న ఆసుపత్రిలో చేరాను. మెట్టుగూడలో చర్చికి దగ్గరగా గది దొరికింది కాబట్టి మా నాన్న పంపించడానికి ఒప్పుకున్నాడు, లేకపోతే ఏ ఊరి బడిలోనో పాఠాలు చెప్పుకుంటూ ఉండేదాన్ని. ఆ ఆసుపత్రి ఇప్పుడు లేదు. దాని స్థలంలో అపార్ట్‌మెంట్లు లేచాయి. పేరు చెప్పినా మీకు తెలియదు, అందుకని చెప్పను.

మా వార్డులో పడుకునేవాళ్ళు ఎక్కువగా రైల్వేలో రిటైరైన పెద్దమనుషులు. వాళ్ళకు వాళ్ళ ఆసుపత్రి ఉంది, కానీ ఈ ఆపరేషన్‌లో చెయ్యి తిరిగిన సర్జన్ మా దగ్గర ఉండేవాడు. ఆయన పేరు విని లాలాగూడ నుంచీ మౌలాలి నుంచీ వచ్చేవాళ్ళు. వయసు మళ్ళాక ప్రోస్టేట్ గ్రంథి ఉబ్బి మూత్రం దారిని నొక్కేస్తుంది. పైన కోత లేకుండా, ఆ దారిలోంచే పరికరం పంపి అడ్డం తీసేవాడు మా సర్జన్. తర్వాత కొన్నాళ్ళు మూత్రానికి గొట్టం, మంచం పక్కన వేలాడే సంచి. ఆ గొట్టం ఉన్నన్నాళ్ళూ సూక్ష్మక్రిములకు లోపలికి రాచబాట వేసినట్టే. అందుకే ఆపరేషన్‌కు ముందు ఒక ఇంజెక్షనూ, తర్వాత పూటపూటకూ యాంటీబయాటిక్ మాత్రలూ ఇచ్చేవాళ్ళం. ఇప్పుడు పద్ధతులు మారాయి, అన్ని మాత్రలు వాడటం లేదు. అప్పటి పద్ధతి అది.

మా సర్జన్ మంచివాడు, హస్తవాసి ఉన్నవాడు, మాటలు మాత్రం పొదుపు. రౌండ్లకు వచ్చి, చూసి, రెండు ముక్కలు చెప్పి వెళ్ళిపోయేవాడు. ఆయన వెళ్ళాక ఆ రెండు ముక్కలకు అర్థం చెప్పడం మా పని.

ఇక మన కథానాయకుడు. లాలాగూడ వర్క్‌షాపులో బోగీలు బాగుచేసిన మేస్త్రీ. ఉద్యోగం చేసినన్నాళ్ళూ యూనియన్‌లో పెద్ద గొంతు. ఆసుపత్రిలో చేరిన పూటే వార్డంతా ఆయన్ని లీడర్ అనడం మొదలుపెట్టింది. ఎవరు మొదలుపెట్టారో తెలియదు, ఆయనే మొదలుపెట్టాడని నా అనుమానం. తెల్లటి బుర్ర మీసం, భుజం మీద ఎప్పుడూ ఒక ఎర్ర గళ్ళ తువ్వాలు. ఆసుపత్రి గౌను మీద తువ్వాలు ఎందుకండీ అంటే, ఇది లేకుంటే నాకు మాట రాదు బిడ్డా అనేవాడు. అది ఉండటం వల్ల మాకు ఎంత పని పెరిగిందో చెప్పలేను.

వచ్చిన మర్నాటికే వార్డులో ఒక కమిటీ ఏర్పడింది. పేపరు ముందు ఏ మంచానికి వెళ్ళాలి, ఫ్యాను ఎంత వేగంతో తిరగాలి, రేడియోలో వార్తలు పెట్టాలా పాటలు పెట్టాలా, అన్నీ కమిటీలో తేలేవి. ఇళ్ళ నుంచి వచ్చిన క్యారియర్లన్నీ ఒకచోట విప్పించి, రొట్టెలున్నవాడికి పప్పు లేకపోతే పప్పు, పప్పున్నవాడికి పెరుగు లేకపోతే పెరుగు సమానంగా పంచేవాడు. ఎవరూ రాని ఒక ముసలాయనకు రోజూ కోడిగుడ్డు అందేది ఆ ఏర్పాటు వల్లనే. అది చూసి నేను ముచ్చటపడ్డాను కూడా. ఒక నియమం మాత్రం గట్టిగా ఉండేది. కమిటీలో అనుకున్న మాట మేనేజ్‌మెంట్‌కు చెప్పకూడదు. వర్క్‌షాపులో మేనేజ్‌మెంట్ అంటే ఆఫీసర్లు. ఇక్కడ మేనేజ్‌మెంట్ అంటే నేను. నా జీతం ఎంతో తెలిస్తే ఆ మాట అనేవాళ్ళు కాదు.

లీడర్ పక్క మంచం మీద రిటైరైన గార్డు ఒకాయన ఉండేవాడు. విజయనగరం వైపు మనిషి, ఉద్యోగం కోసం ఇటు వచ్చి మౌలాలిలో స్థిరపడ్డాడు. మెతక మనిషి. నీళ్ళు కావాలన్నా తప్పు చేసినట్టు అడిగేవాడు. ఆయనకూ అదే ఆపరేషన్ లీడర్‌కన్నా కాస్త ముందు జరిగింది, ఆ తర్వాత జ్వరం పట్టుకుంది. లీడర్‌ను అన్నగారూ అనేవాడు. లీడర్ ఆయన్ని తమ్మీ అని పిలిచి, తన కమిటీకి కార్యదర్శిని చేశాడు. ఆయన వద్దనలేదు. వద్దనడం ఆయనకు చేతకాదు.

లీడర్ ఆపరేషన్ చక్కగా జరిగింది. మూత్రం రంగు రోజురోజుకీ తేటపడుతోంది, జ్వరం లేదు, నొప్పి లేదు. మొదటిరోజు నేను మాత్ర ఇవ్వబోతే ఆయన నావైపు అనుమానంగా చూశాడు. జరం లేదు, నొప్పి లేదు, ఏ బీమారికి ఇస్తున్నవ్ ఇది అని అడిగాడు. రాకుండా ఉండటానికి అన్నాను. రాని బీమారికి మందేంది బిడ్డా అని నవ్వాడు. అప్పుడే రౌండ్లకు వచ్చిన సర్జన్‌ను అడిగితే ఆయన, ముందుజాగ్రత్త, మింగండి అని ముందుకు సాగిపోయాడు. ఆయన పొదుపు చేసిన మాటల్లో అదొకటి.

మాత్ర చేతికిచ్చి వెళ్ళిపోకూడదు, మింగేదాకా నిలబడాలి అని మాకు నేర్పారు. నేను నిలబడేదాన్ని. లీడర్ మాత్రను నోట్లో వేసుకుని, నీళ్ళు గుటకేసి, తువ్వాలుతో మూతి తుడుచుకుని, ఏదో ఒక జోకు చెప్పేవాడు. వర్క్‌షాపులో ఫోర్‌మన్ కుర్చీకి కాలు ఎలా ఊడిందో, బోగీ కింద పడుకున్న మేక డ్యూటీ ముగిసేదాకా ఎలా కదల్లేదో. నేను నవ్వుకుంటూ గార్డుగారి మంచం దగ్గరికి వెళ్ళేదాన్ని.

గార్డుగారి జ్వరం తగ్గింది, కానీ విరేచనాలు మొదలయ్యాయి. వాళ్ళావిడ గోంగూర పచ్చడి సీసా తెచ్చి బల్ల మీద పెట్టి వెళ్ళింది, విరేచనాలకు అదే కారణమని నేను దాని మీద పడ్డాను. ఆపరేషనైన మనిషికి ఈ కారం ఏమిటండీ అని ఆవిడకు క్లాసు పీకి, సీసాను స్టాఫ్ గదిలోకి తరలించాను. తర్వాత మా స్టాఫ్ దానికి న్యాయం చేశారు.  లీడర్ పక్క మంచం మీంచి, పచ్చడిని సస్పెండ్ చేసిండ్రు తమ్మీ, విచారణ సుత లేదు అన్నాడు.

లీడర్ గొట్టం తీసే రోజు వచ్చింది. పొద్దున్నే తీశాను. గొట్టం పోయాక ఆయన వార్డంతా ఒక చుట్టు తిరిగి అందరికీ సలాం చేశాడు. భార్య వచ్చింది, ఇంటికి తీసుకెళ్ళే మాట మాట్లాడుకున్నారు. ఆవిడ లాలాగూడ క్వార్టర్ల ఆడవాళ్ళలో ఈయన కన్నా పెద్ద లీడర్ అని నాకు తర్వాత తెలిసింది.

మధ్యాహ్నం భోజనాల వేళకు ఆయన దుప్పటి కావాలన్నాడు. ఎండాకాలం, ఫ్యాను కింద అందరం ఉడికిపోతున్నాం. దుప్పటి కప్పాను. ఇంకొకటి అన్నాడు. అది కప్పేలోపే పళ్ళు కొట్టుకోవడం మొదలైంది. వణుకుకి ఇనప మంచం గడగడలాడింది. ఒంటిమీద చెయ్యి వేస్తే పొయ్యి మీద పెట్టిన పెనం. నాడి పరుగెడుతోంది, బీపీ దిగుతోంది. ఈ వణుకు అర్థం ఏమిటో చదివాను గానీ అంత దగ్గర్నుంచి చూడటం అదే మొదలు. క్రిములు రక్తంలో కలిశాయి. ఆ వయసులో అలా కలిస్తే కొందరు తిరిగి రారు. నాకు భయం వేసింది. సర్జన్‌ను పిలిపించి, సెలైన్ ఎక్కించి, పరీక్షకు రక్తం తీశాను. 

సర్జన్ వచ్చాడు. కేసు షీటు చూశాడు. ఆపరేషన్‌కు ముందు చేసిన మూత్రం పరీక్షలో ఏ మందుకు ఆ క్రిమి లొంగుతుందో తేలింది, ఆ మందే ఇస్తూ వచ్చాం. అయినా ఈ గతి పట్టిందంటే క్రిమి ఆ మందును లెక్కచేయడం లేదన్నమాట. ఇక మిగిలింది ఒక పెద్ద ఇంజెక్షన్. అప్పట్లో మా దగ్గరున్న వాటిలో అదే గట్టిది. కానీ అది మూత్రపిండాల మీద దెబ్బ కొడుతుంది. మూత్రం ఏళ్ళ తరబడి ఆగిపోతూ ఉండటం వల్ల లీడర్ మూత్రపిండాలు అప్పటికే బలహీనంగా ఉన్నాయి. ఇస్తే అవి పోవచ్చు, ఇవ్వకపోతే మనిషే పోవచ్చు.

సర్జన్ ఈసారి మాటలు పొదుపు చేయలేదు. లీడర్ భార్యను కూర్చోబెట్టి అంతా చెప్పాడు. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని విన్నది. చదువుకున్నోళ్ళు మీరే చెప్పుండ్రి సారూ, నాకేమెరుక అన్నది. ఆయన తలూపి, ఇంజెక్షన్ సిద్ధం చెయ్యమన్నాడు. మందు తెప్పించాను. సీసా మూత తీసి సిరంజిలోకి ఎక్కిస్తున్నాను.

"సిస్టర్ గారండీ, ఆ సూది ఆపండి."

గార్డుగారు. మంచం మీద లేచి కూర్చున్నాడు. ఆ మనిషి గొంతు అంత గట్టిగా వినడం నాకు అదే మొదలు. దుప్పట్ల కిందనుంచి లీడర్ తల తిప్పి ఆయనకేసి చూశాడు. పళ్ళు కొట్టుకుంటూనే అన్నాడు: "తమ్మీ, నోరు ముయ్."

గార్డుగారి ముఖం పాలిపోయింది. ఆయన లీడర్‌కేసి చూశాడు, లీడర్ భార్యకేసి చూశాడు, చివరికి సర్జన్‌కు చేతులు జోడించాడు.

"ఆయన ఆ మాత్ర ఒక్కటీ మింగలేదండి. తువ్వాల్లో ఉమ్మీసి నాకు ఇచ్చీసేవారు. నీకు జొరం ఉంది, నాకు లేదు, ఎవడికి అవసరమైతే వాడికేనన్నారండి. మేనేజ్‌మెంటుకి సెప్పద్దన్నారు. నేను మింగీసినానండి."

 కోడిగుడ్డు పంచినట్టే, పెరుగు పంచినట్టే, మాత్రనూ పంచాడు మా లీడర్. జ్వరం లేని తన వాటా జ్వరమున్న తమ్ముడికి. పంపకంలో లోపం లేదు. మాత్ర గుడ్డు కాకపోవడమే ఇబ్బంది. గార్డుగారు ఇద్దరి మందూ మింగి కడుపు పాడుచేసుకున్నాడు. గోంగూర పచ్చడి నిర్దోషి.

సర్జన్ కోపం వచ్చినప్పుడు కళ్ళజోడు తీసేవాడు. తీశాడు. తిడతాడని ఎదురుచూశాను. ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని, మొదటిరోజు నుంచీనా అని మాత్రం అడిగాడు. గార్డుగారు తలూపాడు. సర్జన్ ఒక్క క్షణం ఆలోచించాడు.

"అయితే ఆ మందు ఓడిపోలేదు సిస్టర్. దాన్ని బరిలోకే దింపలేదు. ఈ ఇంజెక్షన్ పక్కన పెట్టండి. పాత మందే, నరంలోంచి ఇద్దాం."

పాత మందే ఇచ్చాం, పెద్ద మోతాదులో, నేరుగా నరంలోకి. సర్జన్ ఆ మంచం దగ్గర్నుంచి కదల్లేదు. లీడర్ భార్య కూడా కదల్లేదు. గార్డుగారు మాత్రం గోడవైపు తిరిగి పడుకున్నాడు. భోజనం ముట్టలేదు. సాయంత్రానికి వణుకు ఆగింది. బీపీ మెల్లగా పైకి వచ్చింది. మూత్రం ధారాళంగా రావడం మొదలైంది. మూత్రం వచ్చిందని అంత సంతోషించే ఉద్యోగం మాది ఒక్కటే అనుకుంటాను. స్టాఫ్ గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుని ప్రార్థన చేసుకున్నాను, కాస్త ఏడ్చాను కూడా. తర్వాత ముఖం కడుక్కుని వచ్చాను.

రెండోరోజుకు జ్వరం దిగింది. రక్తం రిపోర్టు కూడా సర్జన్ అనుకున్నట్టే వచ్చింది. క్రిమి పాతదే, పాత మందుకే లొంగుతుంది. ఆ రిపోర్టు వినిపించినప్పుడు లీడర్ పైకప్పుకేసి చూస్తూ పడుకున్నాడు. అప్పుడు ఆయన భార్య అందుకుంది. ఆవిడ అంతవరకూ దాచుకున్న కోపం అది.

"మంచిగ నడిచే రైలు డబ్బాను షాపుకు తెచ్చి ఎందుకు విప్పుతరయ్యా అని నేనడిగితే ఏమన్నవ్? పట్టాల మీద ఆగినంక విప్పుతరా పిచ్చిదానా అన్నవ్. జిందగీ అంతా చెడిపోని డబ్బాలకు మరమ్మతు చేసినవ్. నీ ఒంటికాడికొచ్చేసరికి ఆ అకల్ ఏమైంది?"

 సర్జన్ పక్కనే ఉన్నాడు. ఆయన చెప్పకుండా ముందుకు సాగిపోయిన పాఠం ఆవిడ నోట విన్నాడు. ఆ తర్వాత నుంచి రౌండ్లలో ముందుజాగ్రత్త అని చెప్పి వెళ్ళిపోవడం మానేశాడు. ప్రతి రైల్వే మనిషికీ బోగీ మరమ్మతు ఉదాహరణ చెప్పేవాడు. మరీ ఎక్కువ చెప్పేవాడు, రౌండ్లు ఆలస్యమయ్యేవి.

ఇక్కడ మీకు ఒక మాట చెప్పాలి పిల్లలూ. రోగి మాత్ర మింగలేదంటే మొండివాడనో, చదువులేనివాడనో అనుకుంటాం. మా లీడర్ మొండివాడు కాడని అనను. కానీ ఆయన పారేయలేదు, తనకన్నా కష్టంలో ఉన్నవాడికి ఇచ్చాడు. ఇప్పుడూ ఇదే చూస్తున్నాను. జ్వరం తగ్గగానే మందు మధ్యలో ఆపి, మిగిలినవి దాచి, పక్కింటివాళ్ళకు దగ్గొస్తే ఆప్యాయంగా తీసుకెళ్ళి ఇస్తారు. మనవాళ్ళకు మంచితనం ఎక్కువ. క్రిములకు కావలసింది కూడా అదే.

అసలు కష్టం ఆ తర్వాత వచ్చింది. లీడర్ కోలుకున్నాడు గానీ గార్డుగారితో మాట్లాడటం మానేశాడు. వర్క్‌షాపులో మేనేజ్‌మెంట్‌కు వార్త మోసినవాడితో ఆయన జీవితంలో మాట్లాడలేదట. అలాంటివాడు ఎదురైతే రోడ్డు దాటి అవతలికి వెళ్ళిపోయేవాడట. ఈ సంగతి ఆయన భార్యే చెప్పింది, ఈ మనిషి ఇంతే అన్నట్టు నిట్టూర్చింది. కమిటీ ఆగిపోయింది. పేపరు ఎవరికి ముందు దొరికితే వాళ్ళు చదువుకున్నారు. క్యారియర్లు ఎవరివి వాళ్ళు విప్పుకున్నారు. వార్డులోవాళ్ళు అంత బుద్ధిగా ఎప్పుడూ లేరు, నాకు అంత దిగులుగానూ ఎప్పుడూ లేదు.

ఆయన మాట మానేసిన మూడోరోజు గార్డుగారు నన్ను పక్కకు పిలిచి, మంచం మార్చమని అడిగాడు. తలుపు దగ్గర ఒకటి ఖాళీగా ఉంది. అక్కడ గాలి రాదండీ అన్నాను. పర్లేదు సిస్టర్ గారండీ, నేనిక్కడుంటే ఆయనకి తక్లీఫ్ అన్నాడు. ఎప్పుడూ ఆ ఉర్దూ మాట వాడని మనిషి, లీడర్ దగ్గర నేర్చుకున్నట్టున్నాడు. కళ్ళు తడిగా ఉన్నాయి. ఒక ప్రాణం నిలబెట్టిన మనిషి నేరం చేసినవాడిలా చెంబూ దుప్పటీ సర్దుకుంటుంటే నాకు లీడర్ మీద చెప్పలేనంత కోపం వచ్చింది. ఏదో ఒకటి అనేద్దామనే మందుల ట్రే పట్టుకుని ఆయన మంచం దగ్గరికి వెళ్ళాను. అప్పటికి నరంలోకి ఇవ్వడం ఆపి మళ్ళీ మాత్రలకు మార్చారు.

నేను నోరు తెరవకముందే లీడర్ మాట్లాడాడు. నాతో కాదు.

"ఏందీ, యాడికి పోతున్నవ్ తమ్మీ?"

గార్డుగారు దుప్పటి పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. తలుపు దగ్గరికని గొణిగాడు.

"ఆడికి పోతే నీకు నేను కనబడుతనా? నేను మల్ల గిట్లనే తువ్వాల్లో ఉమ్మితే ఎవరు చెప్తరు? ఈ సిస్టరమ్మకు జోకు చెప్తే చాలు, నవ్వుకుంట పోతది. జెర ఇక్కడ కూసో."

నా గురించి అన్నది నిజమే కాబట్టి ఊరుకున్నాను. గార్డుగారు మంచం అంచున కూర్చున్నాడు. లీడర్ నా చేతిలోంచి మాత్ర తీసుకున్నాడు. భుజం మీది తువ్వాలు తీసి భార్య ఒళ్ళోకి విసిరాడు. మాత్ర నోట్లో వేసుకుని, గ్లాసెడు నీళ్ళు తాగి, నావైపు కాకుండా గార్డుగారి వైపు తిరిగి నోరు పెద్దగా తెరిచాడు.

గార్డుగారు కళ్ళజోడు వెతుక్కుని పెట్టుకున్నాడు. ముందుకు వంగి, అటూ ఇటూ శ్రద్ధగా చూశాడు. ఇక చాలంటాడని అందరం అనుకున్నాం.

"నాలిక ఎత్తండి అన్నగారూ" అన్నాడు.

ఏ ఆఫీసర్ మాటకూ తల వంచని లీడర్, నాలిక ఎత్తాడు.